గుంత పూడిన వారం

మా మగ్దలేనమ్మ మొండిది. నస్పూర్ చర్చి సంఘంలో ఆ మాట అనని వాళ్లు లేరు, అందరికంటే ఎక్కువగా అన్నది నేనే. పక్కింటిదాన్ని, రిటైరైన టీచర్ని, సలహా ఇవ్వకపోతే నాకు అన్నం అరగదు.

ఆమె భర్త సమ్మయ్యకు యాభై ఎనిమిదేళ్లు, బొగ్గుబావిలో పని. డ్యూటీ దిగి వస్తూ బండి మీంచి పడితే తల పగిలింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి, వాచిన మెదడుకు చోటివ్వడానికి ఎడమవైపు పుర్రె ఎముక ముక్క తీసేశారు. కొన్నాళ్లకు మళ్లీ పెడతారట. ఇంటికి వచ్చేసరికి అక్కడ చర్మం కింద అరచేయి పట్టేంత గుంత. మాట మాత్రం బాగానే ఉంది, కర్ర పట్టుకుని నడిచేవాడు కూడా.

పంపేటప్పుడు డాక్టర్ మగ్దలేనమ్మను కూర్చోబెట్టి చెప్పాడట. "వయసు ఎక్కువ. నెత్తురు మెదడుల ఉండే నీళ్ల గదులల్లకు దిగింది. ఎముక గూడ తీసినం. గిసొంటోళ్లకు తలల నీళ్లు చేరే భయం ఎక్కువ. నడక తడబడ్డా, తెలవకుంట మూత్రం పోయినా, మనిషి మందమైనా ఆగకుండ తీస్కరా."

ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి, చదివింది నాలుగో తరగతి. ఆ మూడు మాటలూ వేళ్ల మీద చెప్పుకుంటూ ఇల్లు చేరింది.

మా సంఘంలో రోగి తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తాం. ఈమె ఒక్కరినీ ముట్టనివ్వలేదు. "భుజం మీద పెట్టుండ్రి. దేవునికి భుజం కానరాదా?" అన్నది. పెద్దలకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది, దాచడమెందుకు?

నెల దాటాక ఆ గుంత పూడింది. పూడడమే కాదు, కాస్త ఉబ్బింది కూడా. కండ పట్టిందని అందరం సంబరపడి చప్పట్లు కొట్టాం. పాస్టర్ ప్రేమ్‌చంద్ శుక్రవారం వాళ్లింట్లో కృతజ్ఞత కూడిక పెట్టాడు. బగారన్నం నా వంతు.

ఆ పొద్దున నేను వెళ్లేసరికి మగ్దలేనమ్మ తడిసిన దుప్పటి పిండుతోంది. సమ్మయ్య గోడవైపు చూస్తూ కూర్చున్నాడు, పలకరిస్తే పలకలేదు. లేపి నిలబెడితే పాదాలు నేలకు అంటుకున్నట్టు ఈడ్చాడు.

"నిద్ర సాలక గట్లున్నడు తియ్," అన్నాను.

"గుంత పూడితె మాట పెరగాలె గద అక్కా. ఉన్న మాట పోతున్నది. నేను కరీంనగర్ తీస్కపోత."

అప్పుడే గడప దాటి వచ్చిన ప్రేమ్‌చంద్ ఆ మాట విన్నాడు. "కూడిక అయినంక పోదువు. జర విశ్వాసం ఉండాలె, మగ్దలేనమ్మా."

"ఉన్నది పాస్టర్‌గారూ. మీరు పాటలు పాడుండ్రి, నేను బండి ఎక్కుత."

చివరికి పాస్టరే వెళ్లి బండి మాట్లాడుకొచ్చాడు. నేనూ ఎక్కాను.

స్కాన్‌లో మెదడు లోపలి గదులన్నీ నీళ్లతో ఉబ్బి ఉన్నాయి. పైకి పొంగింది కండ కాదు, ఆ నీళ్ల ఒత్తిడే. మేం చప్పట్లు కొట్టింది దానికా, నా నోట్లో మన్ను పడ! ఇంకొన్నాళ్లు ఆగితే ఆ మనిషి మాకు దక్కేవాడు కాదని డాక్టర్ మెల్లగానే అన్నాడు. తల నుంచి పొట్టలోకి చర్మం కిందుగా సన్నని గొట్టం వేసి నీళ్లకు దారి పెట్టారు.

ఐదో రోజు సమ్మయ్య లేచి కూర్చుని, "బాత్రూంకు పోవాలె," అన్నాడు. ఆమె పరుగున వచ్చి రెక్క పట్టుకుంది. అతను విడిపించుకున్నాడు. "నువ్వేడికి? నేను పోత తియ్."

గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ వెళ్లి, తలుపు వేసుకున్నాడు. ఇన్నాళ్లూ ఒక్క చుక్క రాల్చని మొండిది ఆ తలుపు ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎవలది ఏడుస్తున్నది?" లోపలి నుంచి అడిగాడు సమ్మయ్య.