పెద్ద సారుతో గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు

గద్వాలలో ఉంటూ నాగర్‌కర్నూలుకు రోజూ ఉద్యోగానికి పోయి రావచ్చా అని నన్ను చాలామంది అడిగారు. పోయి రావచ్చు. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం మూడు గంటలు బస్సులకు ఇచ్చేస్తే మధ్యలో కాస్త ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. నేను ఆరేళ్లు ఆ పనే చేశాను. మా విశ్వవిద్యాలయం నాగర్‌కర్నూలులో పెట్టిన చిన్న కేంద్రంలో గుమాస్తాను. ఇంట్లో గుంట మగ్గం, దాని మీద చీరలు నేసే నాన్న, కండెలు చుట్టే భార్య. ఆ మగ్గాన్ని పెకలించి మరో ఊరికి మోసుకుపోలేం కాబట్టి నేనే తిరిగాను.

ఇప్పుడు చెప్పేది తొంభైల మొదట్లో ఒక్కరోజు ప్రయాణం. గద్వాల, పెబ్బేరు, వనపర్తి వైపు నుంచి వచ్చే సిబ్బంది పదకొండు మందిమి కలిసి అర్జీ పెట్టుకున్నాం. మాకో వ్యాను ఇవ్వండి, లేదంటే హాజరు వేళను పదిన్నర నుంచి పదకొండుకు జరపండి అని. ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక అధికారి వచ్చి స్వయంగా ఆ దారిన ప్రయాణిస్తారట, ఆయన రాసేదాన్ని బట్టి నిర్ణయం ఉంటుందట.

ఆ వ్యాను మా అందరికంటే శాంతమ్మకు ఎక్కువ అవసరం. ఆమె మా గ్రంథాలయంలో అటెండరు, తాత్కాలిక ఉద్యోగం. భర్త బొంబాయి వైపు కాలువ పనులకు వలసపోయాడు. అత్త తుంటి విరిగి మంచాన పడింది. అందుకని పెబ్బేరు వదలడానికి లేదు. గద్వాలలోనే నిండిన బస్సు పెబ్బేరులో చాలాసార్లు ఆగకుండా పోయేది. ఆలస్యానికి ఆమెకు అప్పటికే రెండు మెమోలు వచ్చాయి. మరోసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటామని రెండో మెమోలోనే రాశారు.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం గద్వాలలో బస్సు దిగుతూ కండక్టరు బాలస్వామితో, రేపు మా పెద్ద సారు నీ బస్సులో వస్తున్నాడని చెప్పాను. ఎందుకు చెప్పానంటే ఏం చెప్పను? చుట్టం వస్తున్నాడంటే నలుగురికీ చెప్పుకుంటాం కదా, అట్లా చెప్పాను.

పొద్దున ఆరుంపావుకు బస్‌స్టాండుకు చేరాం. అధికారి యాభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతారు, చేతిలో చిన్న నోటుపుస్తకం. మామూలుగా అయితే ఆ వేళకు కిటికీల్లోంచి తువ్వాళ్లు, టిఫిన్ డబ్బాలు, ఒక్కోసారి పిల్లలు కూడా సీట్ల మీద పడుతుంటారు. ఆ రోజు ముందు సీటు మీద బాలస్వామి సొంత తువ్వాలే పరిచి ఉంది. పత్తి చేలల్లో పనికి పోయే ఆడవాళ్లు రోజూ ముందు మెట్ల దగ్గర కిక్కిరిసి నిలబడతారు. ఆ రోజు ఎవరూ చెప్పకుండానే వెనక్కి పోయి సర్దుకున్నారు. బస్సు సరిగ్గా ఆరున్నరకు కదిలింది. వేళకు కదలడం ఆరేళ్లలో నేను చూసింది అదొక్కసారే. నాకు సిగ్గుగా ఉండాల్సింది. కానీ నిజం చెప్పాలంటే, కూర్చోవడానికి చోటు దొరికిందన్న సుఖంలో ఎర్రవల్లి దాకా కునుకు తీశాను.

బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి ఏడుంపావు. కింద కృష్ణలో నీళ్లు తగ్గి బండలు తేలి ఉన్నాయి. అధికారి కిటికీలోంచి చూస్తూ ప్రయాణం హాయిగా ఉందన్నారు. రోజూ ఇట్లా ఉండదు సార్ అన్నాను. రోజూ చూసేవాళ్లకు ఏదైనా విసుగేనండీ అని నవ్వారు. 

ఏడున్నరకు పెబ్బేరు. బస్సు సరిగ్గా శాంతమ్మ ముందే ఆగింది. బాలస్వామి ఎవరినో లేపి ఆమెకు చోటు ఇప్పించాడు. ఈమె మా గ్రంథాలయంలో పనిచేస్తుందని అధికారికి చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి, రావడానికి ఇబ్బందిగా ఉందా అమ్మా అని అడిగారు. శాంతమ్మ లేచి నిలబడింది. చెప్పమని నేను కళ్లతో సైగ చేశాను.

"ఏం తక్లీఫ్ లేదు సార్. మంచిగనే వస్తున్న" అంది.

ఆయన నోటుపుస్తకంలో రాసుకున్నారు.

ఎనిమిదీ పదికి వనపర్తిలో దిగాం. అధికారి ఇడ్లీ తింటుండగా శాంతమ్మను పక్కకు పిలిచి, ఎందుకట్లా అన్నావని కోపంగానే అడిగాను.

"అంత పెద్ద మనిషి గింత దూరమొచ్చి అడిగితే, మొకం మీద ఎట్ల ఏడుస్త సార్?"

ఆమెను ఏమనగలను? ఆయన ప్లేటులో ఇంకో ఇడ్లీ వేయమని హోటలువాడికి చెబుతున్నది నేనే.

నాగర్‌కర్నూలు బస్సు మామూలుగా మాకు వెనకభాగం మాత్రమే చూపించి పోతుంది. ఆ రోజు మాకోసం ఎదురుచూస్తూ ఉంది. బాలస్వామి ఆ డ్రైవరుకు కూడా చెప్పి ఉంచాడు. గోపాలపేట దాటి, తొమ్మిదీ యాభైకి ఊళ్లో దిగాం. పదీ ఐదుకల్లా అధికారి మా హాజరు పుస్తకం ముందు కూర్చుని ఉన్నారు.

మధ్యాహ్నం ఆయన నివేదిక రాసి టైపు చేయమని నాకే ఇచ్చారు. బస్సులు వేళకు నడుస్తున్నాయి. కూర్చునే వసతి ఉంది. మహిళా సిబ్బందికి ఇబ్బంది లేదని వారే తెలిపారు. ప్రత్యేక వాహనం గానీ, వేళల మార్పు గానీ అవసరం కనిపించలేదు. మూడో వాక్యం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. లేచి ఆయన దగ్గరికి పోయి, నిన్న కండక్టరుకు నేనే చెప్పాను సార్, అందుకే ఇట్లా జరిగింది అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఒక్క మాట చెబితే ఇంత బాగా చూసుకునే మనుషులున్నారంటే మీరు అదృష్టవంతులండీ" అన్నారు. తిరిగి వచ్చి మిగతాది కొట్టాను. సంతకమయ్యాక ఆయన జీపులో హైదరాబాదు వెళ్లిపోయారు.

ఐదుంపావుకు తిరుగు ప్రయాణం. వనపర్తి దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. అక్కడ గద్వాల బస్సులో మళ్లీ బాలస్వామే. టికెట్లు కొడుతూ జనాన్ని తోసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్ద సారు ఖుష్ అయిండా సార్?"

అయ్యాడన్నాను. అతని ముఖం వెలిగిపోయింది. పక్కనున్న ఇద్దరికి ఆ మాట చెప్పుకున్నాడు. 

శాంతమ్మ తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. నివేదికలో ఏముందో ఆమెకు చెప్పాను. పెబ్బేరు వచ్చింది. దిగేముందు బాలస్వామిని అడిగింది.

"అన్నా, రేపు గూడ ఆపుతవా?"

"జాగ ఉంటే ఆపనా అమ్మా? రేపు వనపర్తి సంత గద."

అది న్యాయమే అన్నట్టు తల ఊపి దిగిపోయింది. ఆమె దిగిన చోట నేను ఆనుకుని నిలబడ్డాను.  గద్వాల చేరేసరికి ఎనిమిది దాటింది.

ఆ దారి కష్టం చూడదలచిన అధికారులు ఎవరైనా ఉంటే, మాకు చెప్పకుండా రండి. చెబితే మర్యాద చేయకుండా ఉండలేం. మర్నాడు సంతకు పోయేవాళ్లతో నిండిన బస్సు పెబ్బేరులో శాంతమ్మను దాటి పోయింది. ఆమె పన్నెండింటికి వచ్చేసరికి మూడో మెమో బల్ల మీద ఉంది. దాన్ని టైపు చేసింది కూడా నేనే.