మూడో చెయ్యి

మా పీహెచ్‌డీ గైడు గారు పోయారని వాళ్లావిడ, ఆంటీ, ఫోన్ చేసేసరికి నేను ల్యాబ్‌లో గ్లవ్స్ తొడుక్కుంటున్నాను. "మీ సార్ వెళ్లిపోయారే! పొద్దున కాఫీ కలిపి పిలిస్తే పలకలేదు," అంది ఆవిడ. పిస్కాటవే ఊళ్లో వాళ్లిల్లూ, ఆయన ల్యాబూ మా ఆఫీసుకి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు రెండు నెలలుగా నేను డ్రైవ్ చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పొగడ్తలు కావాలంటే సంతాప సభకి వచ్చినవాళ్లని అడగండి, బోలెడు చెబుతారు.

ఆయన దగ్గర ఆరేళ్లు పీహెచ్‌డీ చేశాను. ఒక్క మంచిమాట విన్న పాపాన పోలేదు. "నీకేమనిపిస్తోందో ఎవరిక్కావాలమ్మా? రీడింగెంత?" అనేవారు. పొద్దున రాగానే గోడమీది థర్మామీటర్ చూసి గది వేడి నోట్‌బుక్కులో రాసేవారు. మధ్యాహ్నం పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని మళ్లీ రాసేవారు. పరిశోధన పేపర్లలో కూడా ఆ రెండు అంకెలూ వేసేవారు. ఇంకెవరూ వేయగా నేను చూడలేదు.

అన్నిటికంటే పెద్ద నియమం మూడో చెయ్యి. ఏ ప్రయోగమైనా రెండుసార్లు మనం చేసుకోవచ్చు. మూడోసారి ఇంకొకరు చేయాలి. ఏ ట్యూబులో ఏముందో వాళ్లకి తెలియకూడదు. ఆ జాబితా కవర్లో పెట్టి అంటించేవారు. "మనకి ఏ జవాబు కావాలో మన చేతికి ముందే తెలుసు. అందుకే పరాయి చెయ్యి," అనేవారు. ఇవాళ మా కంపెనీలో నా రీడింగుని ఎవరూ అనుమానించరు. అది ఆయన పెట్టిన భిక్షే, కాదనను.

కానీ ఆ నియమమే నా కొంప ముంచింది. మూడో చెయ్యి దొరకలేదని నా మొదటి పేపరుని ఐదు నెలలు ఆపారు. ఈలోగా వేరే ల్యాబ్ వాళ్లు అదే ఫలితం ప్రచురించేశారు. నాకు రావలసిన యూనివర్సిటీ ఉద్యోగం చేజారింది. బాత్రూమ్‌లో ఏడ్చి వస్తే, "వాళ్లు ముందు చేశారు, మనం సరిగ్గా చేశాం. ఏడుపయ్యాక ఆ ట్యూబులు కడుగు," అన్నారు. కడిగాను. మర్చిపోలేదు.

ఈ ఏడాది ఒక జర్నల్, ప్రచురించొచ్చో లేదో సమీక్షించమని నాకో పేపరు పంపింది. రచయిత పేరు మాకు చూపించరు, మా పేరు రచయితకి చెప్పరు. వేడికి పాడైన ప్రొటీన్ చల్లారాక ఎంతవరకు కోలుకుంటుందన్నది విషయం. రెండో పేజీలో గది వేడి ఉంది. ఉదయం ఇంత, మధ్యాహ్నం ఇంత. ఇది ఆయన పేపరే. రిటైరయ్యాక యూనివర్సిటీ వాళ్లని బతిమాలి ఆయన ల్యాబ్‌లో ఒక మూల బల్ల సంపాదించుకున్నారని నాకు తెలుసు. స్టూడెంట్లు లేరు. పేపర్లో మూడో చెయ్యీ లేదు.

తెలిసినవాళ్ల పేపరైతే తిప్పి పంపెయ్యాలి. "దీన్ని సమీక్షించడానికి మీకేమైనా అభ్యంతరం ఉందా?" అని ముందే అడుగుతారు. లేదని నొక్కాను. ఎంత హుషారుగా నొక్కానో! "ఒక్క మనిషి చేతిని నమ్మి దీన్ని ప్రచురించలేం. ఈ రచయితకు ప్రయోగశాల క్రమశిక్షణ ఎవరూ నేర్పినట్టు లేదు," అని రాశాను. రాసి, తీరిగ్గా టీ తాగాను.

పది రోజులకి ఆయనే ఫోన్ చేశారు. మాటమాటకీ ఆయాసం.

"అమ్మాయ్, రివ్యూయర్ ఎవడోగానీ ఘటికుడు. తిట్టాడు, కానీ కరెక్ట్‌గా తిట్టాడు. మూడు నెలలు టైమిచ్చారు. ఒక్క శనివారం రాగలవా? మూడు గంటల పని."

"ఇంకెవరూ లేరా సార్?"

"ఉంటారు. నీ చెయ్యైతే నాకు బెంగ లేదు."

ఆరేళ్లలో అనని మాట అది. ఇప్పుడా అనేది! వచ్చే వారం చూస్తానన్నాను. ఆ వారం చుట్టాలొచ్చారన్నాను. తర్వాత ఫోనెత్తలేదు. ఆయన బల్ల ముందు నిలబడే మొహం నాకు లేదు.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆంటీ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆయాసపడుతూనే రోజూ ల్యాబ్‌కెళ్లేవారే. నువ్వొస్తావని ట్యూబులు సర్ది పెట్టుకున్నారు. ఆ రివ్యూ రాసినవాడి చేతులు పడిపోను!" అంది. ఆ చేతులు ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి.

ఆ శనివారం ఆయన ల్యాబ్‌కి వెళ్లాను. ఫ్రీజర్లో ఇరవై నాలుగు ట్యూబులు, వాటిమీద ఆయన చేతిరాతలో అంకెలు. బల్లమీద అంటించిన కవరు. ప్రయోగానికి మూడు గంటలు కూడా పట్టలేదు. కవరు చించి పోల్చి చూశాను. అన్నీ సరిపోయాయి. ఆయన రాసింది మొదటినుంచీ నిజమే. బల్లమీదే ఉన్న సవరించిన పేపర్లో ఆయన పేరు పక్కన నా పేరు అప్పటికే టైపు చేసి ఉంది. చివర్లో, పేరు తెలియని సమీక్షకుడికి కృతజ్ఞతలు చెప్పారు, న్యాయంగా చదివినందుకట.

ఆంటీ పంపమంటే పంపాను. ఇవాళ పొద్దున జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. ఎడిటర్ పేర్లు చూసుకోలేదో, కంప్యూటరే పంపేసిందో, సవరించిన పేపరు పాత సమీక్షకురాలికే వచ్చింది. "మీకేమైనా అభ్యంతరం ఉందా?"

ఈసారి ఉందని నొక్కాను. కారణం రాయమని ఒక చిన్న గడి తెరుచుకుంది. పొద్దున గది వేడి రాసుకున్నాను. మధ్యాహ్నం మళ్లీ రాసుకున్నాను. ఆ గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.