మూడుసార్లు కడగండి

2021 చివర్లో మిరప తోటలకు నల్ల తామరపురుగు పట్టింది. గుంటూరుకు గంటన్నర దూరంలో, వాగు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా నేను పురుగుమందుల కొట్టు నడుపుతున్నాను. పూతలో దూరి రసం పీల్చే ఆ పురుగుకు భయపడి రైతులు నాలుగు రోజులకోసారి మందు కొట్టారు. కొట్టు ముందు నిలబడటానికి చోటుండేది కాదు.

నా దగ్గర మందు కొన్నవాళ్ళకి పాఠం ఉచితం. గాలికి ఎదురు కొట్టకండి, చేతులకు తొడుగులు వేసుకోండి, చివర్లో ట్రిపుల్ రిన్స్ చేయండి అని చెప్పేవాణ్ణి. అంటే పని కాగానే స్ప్రేయర్ ట్యాంకునూ ఖాళీ డబ్బానూ మూడుసార్లు కడగడం. ట్యాంకు అడుగున పాత కలుపుమందు మిగిలిపోతే తర్వాత కొట్టే మందుతో కలిసి చేను మాడిపోతుంది. ఒకాయనకు అలా రెండెకరాలు పోయిన దగ్గర్నుంచి నేనీ మాట వదల్లేదు. బిల్లు వెనక ‘మూడుసార్లు కడగండి’ అని ఎర్ర సిరా స్టాంపు కూడా వేసేవాణ్ణి. వెనక నన్ను ‘మూడుసార్ల సాయిబు’ అని నవ్వుకునేవాళ్ళు. అదో గొప్పగా ఉండేది నాకు.

జనవరిలో ఒక ఉదయం ఎస్తేరమ్మ వచ్చింది. ఆమె, భర్త దావీదు వాగులో విసురువలతో చేపలు పట్టి చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముకునేవాళ్ళు. సెంటు పొలం లేదు కాబట్టి నా కొట్టు మెట్టెక్కడం ఆమెకు అదే మొదలు. చేతిలో ప్లాస్టిక్ బకెట్. అందులో పొట్టలు పైకి తేలేసిన జెల్లలు, పరిగెలు, రెండు కప్పలు.

“సాయిబు గారూ, నాలుగు రోజుల్నించి ఇట్టా తేలతన్నాయండి. మిరపకి తెగులొస్తే అందరూ మీ కాడికే వస్తారు గదా. వాగుకి కూడా ఏదో తెగులొచ్చినట్టుంది. దీనికో మందియ్యండి.”

నాకు నవ్వొచ్చింది. “వాగుకి మందేంటమ్మా?”

“నవ్వబాకండయ్యా. చేపల్లేకపోతే మా ఇంట్లో నలుగురం ఏం తినాలి?”

నవ్వినందుకు సిగ్గేసి, కొట్టు కట్టేసి ఆమెతో వాగుకి వెళ్ళాను. వానలు పోయి చాలా రోజులైంది. పారకం సన్నబడి, రేవు దగ్గర ఒక మడుగు మిగిలింది. ఒడ్డున ముగ్గురు రైతులు వీపుకు తగిలించుకునే తైవాన్ స్ప్రేయర్లు కడుగుతున్నారు. వాళ్ళలో కోటేశ్వరరావు నా పాత ఖాతాదారు. నన్ను చూడగానే ట్యాంకు పైకెత్తి చూపించాడు.

“రండి సుభానీ గారూ, లెక్కెట్టుకోండి! ఇది మూడోసారి!”

ట్యాంకు తిరగేశాడు. తెల్లటి నీళ్ళు మడుగులోకి జారాయి.

ఎస్తేరమ్మ నా వైపు తిరిగింది. “మీరే చెప్పారా అయ్యా కడగమని?”

తల ఊపాను.

కొట్టుకి తిరిగొచ్చి మందు డబ్బాతో వచ్చే కాగితం మడత విప్పాను. నువ్వుగింజంత అక్షరాల్లో ఉంది: చేపలకు విషం, చెరువుల్లో కాలవల్లో కడగరాదు. ఇన్నేళ్ళలో ఆ మడత ఒక్కసారి విప్పలేదు. ఎక్కడ కడగాలో నేను చెప్పలేదు. నీళ్ళున్న చోటికే కదా ఎవరైనా వెళ్ళేది!

మర్నాడే స్టాంపు మార్పించాను: ‘చేలోనే కడగండి. ఆ నీళ్ళు చేనుకే కొట్టండి.’ “చేలో నీళ్ళెక్కడియ్యండీ, మీరు మోసుకొస్తారా?” అని కసిరినవాళ్ళున్నారు. చాలామంది విన్నారు, కొందరు వినలేదు. విన్నా, వానకి చేలమీద మందు ఎలాగూ వాగులోకే కొట్టుకొస్తుంది. అది ఆపడం నా స్టాంపు వల్ల కాలేదు.

తర్వాతి వానలకు కొత్తనీరు వచ్చింది. పరిగెలు నాలుగైనా కనిపించాయి గానీ కొర్రమీను కనిపించలేదు. తొలకరికి చెవులు హోరెత్తించే కప్పలు ఆ ఏడు ఒకటీ అరా అరిచాయి. రేవులో నిలబడే కొంగలు కూడా రావడం మానేశాయి. దావీదు వల చుట్టి అటకమీద పెట్టాడు. ఎస్తేరమ్మ ఆ మిరప తోటల్లోకే కాయకోతకు పోతోంది. ఆమె ఎదురుపడితే నాకిప్పటికీ తలెత్తాలనిపించదు.

మొన్న కూలికి వెళ్తూ కనబడితే అడిగాను. “వాగెట్టా ఉందమ్మా?”

“తేటగా ఉందండి. అడుగుదాకా కనపడతంది.” తలగుడ్డ సర్దుకుంది. “అడుగు తప్ప ఇంకేం కనపడదు.”

కడగమని చెప్పేవాడు ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో కూడా చెప్పాలి. ఆ ఒక్క మాట నేను నేర్చుకోవడానికి మా వాగు ఖర్చయిపోయింది.