మా కోడలు వద్దని చెప్పింది

మా అత్తకు స్మార్ట్‌ఫోన్ నేర్పింది నేనే. ఆత్మకూరు బజారులో మాకు స్టీలు సామాన్ల షాపు ఉంది. మామ పోయాక ఆమె ఇంట్లో ఒంటరిగా ఉండలేక మధ్యాహ్నాలు షాపుకొచ్చి కూర్చునేది. గిరాకీ లేని వేళల్లో పాత ఫోన్ ఒకటి చేతికిచ్చి, సీతారామపురంలో ఉన్న ఆమె చెల్లెలికి వీడియో కాల్ చేయడం నేర్పాను. మొదట్లో అద్దం పగులుతుందేమోనన్నట్టు వేలి కొసతో తాకేది. వేసవి దాటేసరికి వాయిస్ మెసేజ్‌లు పెట్టడం, ఫొటోలు పంపడం కూడా వచ్చేశాయి.

వాటితో పాటు జాగ్రత్తలూ నేర్పాను. మా బజారులోనే ఒకరిద్దరు పెద్దవాళ్ళు మోసపోయారు మరి. "తెలీనోళ్ళు ఎంత మంచిగా అడిగినా ఫోను చేతికియ్యొద్దత్తా" అని రోజూ చెప్పేదాన్ని.

నిరుడు చలికాలంలో ఒకరోజు ఆమె ఫోన్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

"అమ్మాయ్, మా చెల్లెలు ఇందులో ఏడుండాది?" అంది.

చెల్లెలి ఫొటో కళ్ళెదురుగానే ఉంది. చూపించాను. కొన్నాళ్ళకు మళ్ళీ అడిగింది. ఇంకోరోజు మోగుతున్న ఫోన్‌ను ఎత్తకుండానే చెవికి ఆనించుకుని, "పలకడం లేదే" అంది. కళ్ళజోడు మార్పించాం. "వయసు గదా, మర్చిపోతాంటాది" అన్నాడు నా భర్త. మర్చిపోతున్నది ఫోన్ ఒక్కటేనా అని నాకు గుబులు పట్టుకుంది.

ఆ తర్వాత చెల్లెలికి జ్వరమని తెలిసి చూడ్డానికి బయలుదేరింది. ఉదయగిరిలో దిగి సీతారామపురం బస్సెక్కాలి. తోడు వస్తానన్నా వినలేదు.

"నాకు తెలీని దారా ఏంది?" అంటూ బస్సెక్కేసింది.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క ఇంకా రాలేదే అమ్మా!"

అత్తకు చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. ఏ కొండ దారిలోనో దిగిపోయి, నీడన్నది లేని చోట నడుస్తున్నట్టు కళ్ళకు కడుతోంది. షాపు మూసేసి కారులో బయలుదేరాం. ఊరు దాటుతుండగా నా ఫోన్ మోగింది. వీడియో కాల్. అత్తే!

తెరమీద మట్టి నేల కనిపించింది. తర్వాత ఆమె చెప్పులు. ఆ తర్వాత ఒక దుకాణం ముందు వేలాడుతున్న చెక్క గరిటెలు. అవి చేసి అమ్మేది ఉదయగిరిలోనే! ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆమె మొహం వచ్చింది. చెమటతో తడిసిపోయింది. చూపు ఒకచోట నిలవడం లేదు.

"అత్తా, ఆడనే ఉండండి. ఫోను ఆ దుకాణమోళ్ళకియ్యండి, మాట్లాడతాను."

నన్ను తేరిపార చూసింది.

"నువ్వెవురమ్మా?"

మొహం సరిగ్గా కనబడేలా ఫోను దగ్గరికి పెట్టుకున్నాను.

"తెలీనోళ్ళకి ఫోను ఇయ్యొద్దని మా కోడలు చెప్పింది. నేనియ్యను."

కారు నడుపుతున్న నా భర్త "అమ్మా!" అని అరవబోతే భుజం నొక్కి ఆపాను. భయపడి కాల్ కట్ చేసిందంటే, మళ్ళీ చేయడం ఆమెకు గుర్తొస్తుందన్న నమ్మకం లేదు. అందుకే తెలీనామె లాగానే మాట్లాడాను.

"మీ కోడలు నాకు తెలుసమ్మా. ఆమే చెప్పమనింది. ఏ బస్సూ ఎక్కొద్దంట, ఆ దుకాణం కాడే కూచోమనింది. ఆమె వస్తా ఉండాది."

"వస్తాదా?" చిన్నపిల్లలా అడిగింది.

"వస్తాది. అందాకా నాతో మాట్లాడతా ఉండండి."

"మా కోడలు మంచిదే. కోపం జాస్తి."

ఏమేమో అడుగుతూ మాట్లాడించాను. చెల్లెలి గురించి చెప్పింది, మామ గురించి చెప్పింది, ఆయన ఇంట్లోనే ఉన్నాడంది. సగం దారిలో సిగ్నల్ పోయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

ఉదయగిరిలో గరిటెల దుకాణాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాం. ఒక దుకాణం లోపల స్టూలు మీద కూర్చుని సోడా తాగుతోంది అత్త.

"ఎండలో నిలబడుంటే నేనే లోపలికి తెచ్చినాను," అంది దుకాణం ఆమె. "ఎక్కడికి పోవాలమ్మా అంటే, మా కోడలు వస్తాది, కదలొద్దనింది అంటాది."

అత్త నన్ను చూసి లేచింది. "ఏందమ్మాయ్, షాపు మూసేసి వచ్చినారా?"

వచ్చిన ఏడుపును ఆమె భుజం మీద మొహం దాచుకుని అణుచుకున్నాను.

నెల్లూరులో డాక్టరు పరీక్షలు చేయించి, మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. తగ్గేది కాదు, త్వరగా ముదరకుండా ఆపగలమేమో చూద్దామని మందులు రాశాడు. ఆమెకు చేతనైన పనులు మాన్పించొద్దన్నాడు. అందుకే ఆమె ఫోన్లో అన్నీ తీసేసి మూడు ఫొటోలే ఉంచాం. చెల్లెలిది, కొడుకుది, నాది. రోజూ కాఫీ అయ్యాక పక్కన కూర్చుంటాను. ఆమే చెల్లెలికి కాల్ చేస్తుంది. కొన్ని రోజులు వేలు నేరుగా ఫొటో మీదికి పోతుంది. కొన్ని రోజులు గాల్లోనే ఆగిపోతుంది. అప్పుడు నేను వెంటనే చూపించను.

ఇప్పుడామె షాపుకు రావడం లేదు. పనమ్మాయి తోడుగా ఇంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తనే నాకు కాల్ చేస్తుంది. ఎత్తుతాను గానీ ముందు మాట్లాడను. అవతలినుంచి "అమ్మాయ్" అని వినబడేదాకా నా గుండె గుండెలో ఉండదు.