కుడికి అన్నది నేనే

ముత్తుకూరు దగ్గర తాత్కాలిక హెలిప్యాడ్‌లో మేము దిగింది నవంబరులో, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు. సన్నటి వాన. ఉత్తరపు గాలి. తుఫాను తీరం దాటడానికి ఇంకా ఒక పగలు ఉంది. ఒక హెలికాప్టర్, ఇద్దరు పైలట్లు, నలుగురు మెకానిక్కులు, నేను. రెండు గుడారాలు.

నా పని వించ్. తలుపు దగ్గర బోర్లా పడుకుని ఉక్కు తాడు దించి, కింద చిక్కుకున్న మనిషిని పైకి లాగాలి. హెలికాప్టర్ కడుపు కింద ఏముందో పైలట్‌కు కనబడదు. నేను హెడ్‌సెట్‌లో "ముందుకు మూడు, కుడికి ఒకటి, నిలుపు" అంటే ఆమె అన్ని మీటర్లు జరుపుతుంది.

అవును, ఆమె. మా కెప్టెన్ కొడవలూరు రైతుల బిడ్డ. మా దళంలో కెప్టెన్ సీటు దక్కిన మొదటి ఆడమనిషి. ఆమెకు ముందు వచ్చిన ఇద్దరూ పక్క సీటులోనే ఉద్యోగం ముగించుకుని వెళ్లిపోయారు.

నేను కావలి వాణ్ణి. బైబిలు వాక్యం వింటూ, సంఘంలో సాక్ష్యం చెబుతూ పెరిగాను. పురుషుడి మీద స్త్రీకి అధికారం తగదని మా పెద్దలు బోధించారు. ఆమెకు సెల్యూట్ చేస్తూనే నేను ఆ మాట నమ్మాను.

హెడ్‌సెట్‌లో ఇంగ్లీషే మాట్లాడాలని నియమం. మొదటి రోజే ఆమె అంది: "మన మాటే మాట్లాడన్నా. త్వరగా అందతాది." పక్క సీటు పైలట్ ఉత్తరాదివాడు. తెలుగు ముక్క రాదు.

తుఫాను దాటిన మరుసటి ఉదయం ఏడున్నరకు పిలుపు వచ్చింది. రొయ్యల గుంటల కట్ట మీద ఐదుగురు. ఏది సముద్రమో ఏది గుంటో తెలియనంత నీరు. కట్టకు పడమట కరెంటు స్తంభాల వరస. తూర్పున ఖాళీ.

మొదట ఒక ముసలమ్మను లాగాను. పట్టీ విప్పుతుంటే ముందుకు తొంగి చూసింది.

"ఎవురు నాయనా తోలేది?"

"మా మేడమ్, అవ్వా."

"ఆడబిడ్డా! నన్ను దించెయ్ నాయనా, కట్ట మీదనే ఉంటా!"

హెడ్‌సెట్‌లో మేడమ్‌కు చెప్పాను. నవ్వింది. "మాది కొడవలూరని చెప్పన్నా. ట్రాక్టర్ కూడా తోలినానని చెప్పు." చెప్పాను. నమ్మకం కుదరక ముసలమ్మ నా బూటు పట్టుకుని కూర్చుంది.

ఐదో మనిషి చేపల వేటకు పోయేవాడు. అతను తాడు మీద ఉండగా గాలి మారి దక్షిణం నుంచి కొట్టింది. "తిరగతా ఉండా అన్నా, తాడు చూసుకో," అని మేడమ్ ముక్కును గాలికి ఎదురు తిప్పింది. తాడు స్తంభాల వైపు ఊగింది. తూర్పుకు, సముద్రం వైపుకు జరపాలి. మా ఊళ్లలో కుడి ఎడమలు ఎవరంటారు? తూర్పుకు జరుగు, పడమటికి జరుగు అంటాం. అంతవరకు ఉత్తరం చూస్తున్న హెలికాప్టర్‌లో తూర్పంటే కుడి. హెలికాప్టర్ తిరిగింది, తూర్పు ఎడమకు వచ్చింది. నా బుర్ర తిరగలేదు.

"కుడికి రెండు! కుడికి!"

నా మాట కనుక ఆమె మారు ఆలోచించకుండా జరిపింది. అతను స్తంభానికి కొట్టుకున్నాడు. తుంటి విరిగిన చప్పుడు రెక్కల హోరులో వినబడలేదు. అతను నోరు తెరవడం చూశాను. చిక్కుకున్న తాడు విడిపించడానికి నాకు ఒకటిన్నర నిమిషం పట్టింది. అంతసేపూ ఆమె ఆ యంత్రాన్ని గాలిలో మేకు కొట్టినట్టు నిలిపింది. అతను బతికాడు. మళ్లీ వేటకు పోలేదు.

ఆ తర్వాత నాలుగో రోజు పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసులో విచారణ. ముగ్గురు అధికారులు. హెడ్‌సెట్‌లో మా మాటలు రికార్డు కాలేదు. పక్క సీటు పైలట్, "వాళ్ల భాషలో ఏదో అరిచాడు," అన్నాడు. మేడమ్, "కుడికి అని చెప్పారు," అంది. తర్వాత నన్ను పిలిచి ఏమన్నావని అడిగారు.

"ఎడమకు అన్నాను సార్."

ఎవరూ బెదిరించలేదు. పదోన్నతి జాబితాలో నా పేరుంది, అంతే. ఒక అధికారి పెన్ను మూత పెడుతూ, "ఆడవాళ్లు కంగారు పడతారులే," అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె కెప్టెన్ సీటు పోయింది. వరండాలో ఎదురుపడింది.

"ఎడమకు అన్నావా అన్నా?"

నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.

"ప్రార్థన చేయకుండా కూడు ముట్టవు గదన్నా నువ్వు," అని వెళ్లిపోయింది.

కావలి చేరిన ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. ఐదుగురిని నీళ్లలోంచి తీసిన దేవుణ్ణి స్తుతించాను. పైలట్ అన్నాను గానీ ఆడమనిషి అనలేదు. అందరూ ఆమెన్ అన్నారు.

ఉద్యోగ విరమణ తర్వాత నిజం రాసి దళానికి పంపాను. విచారణ ముగిసిందని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఆమె అప్పటికే కొలువు వదిలేసింది.

మోకరించినప్పుడు నాకు ఆ స్తంభం కనబడదు. విచారణ గదీ కనబడదు. శిబిరం ఎత్తే ముందు రోజు కనబడుతుంది. ముత్తుకూరు బడి ఆడపిల్లలను తీసుకొచ్చారు. వాళ్ల కోసం మహిళా పైలట్ల చరిత్ర అని బొమ్మల బోర్డులు పెట్టారు. చీరకట్టుతో విమానం నడిపిన ఆమె, సరుకుల విమానాల వరకే రానిచ్చిన ఆడవాళ్లు, చాలా ఏళ్లకు గానీ యుద్ధ విమానం దక్కని వాళ్లు. మేడమ్‌ను ఎగరనివ్వలేదు గానీ ఆ బోర్డుల పక్కన నిలబెట్టారు. నాకు నిచ్చెన పట్టుకునే పని. ఒక పిల్ల ఎక్కి కెప్టెన్ సీటులో కూర్చుంది.

"అక్కా, దీన్ని పైకి ఎట్టా లేపతారు?"

మేడమ్‌కు లోపలికి ఎక్కే అనుమతి లేదు. నేల మీదే నిలబడి, సీటు పక్కన లివరు లాగినట్టు ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తింది. కుడి పిడికిలి కొద్దిగా ముందుకు వంచింది. ఆ చేతుల్లో ఏమీ లేదు.