నేను చదివిన చీటీ

చలికాలం ఉదయాల్లో జహీరాబాద్ మార్కెట్ పక్కనుంచి నడుస్తుంటే, లారీలకెత్తుతున్న పచ్చి అల్లం బస్తాల నుంచి తడిమట్టి కలిసిన ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ వాసన రాగానే మా నాయనమ్మ చేతులు గుర్తొస్తాయి. చిరాగ్‌పల్లి దగ్గరి మా చేనులో అల్లం తవ్వే రోజుల్లో ఆమె గోనెపట్టా మీద కాళ్లు చాపుకుని కూర్చుని, గడ్డకంటిన మట్టిని బొటనవేలితో రాలుస్తూ, విత్తనానికి ఉంచేది ఒకవైపు, అమ్మేది ఇంకోవైపు వేసేది. ఎల్లమాస అమావాస్యకు ఊరంతా చేన్లకు కదిలేది. పచ్చి కందిగింజలు, చిక్కుళ్లు, దొరికిన ఆకుకూరలన్నీ కలిపి వండిన భజ్జి, నువ్వులద్దిన సజ్జరొట్టెలు, పుల్లని అంబలి. తిన్నాక నీడన వామనగుంతల పీట వేసుకుని చింతగింజలతో ఆడుకునేవాళ్లం.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆ ఆటలో ఒక సంగతి కనిపెట్టాను. నాయనమ్మ నడిమి గుంతల్లో గింజ తప్పేది కాదు గానీ, చివరి గుంతల్లో మిగిలినవాటిని చూసేది కాదు. నేను చప్పుడు చేయకుండా అవి తీసేసుకుని గెలిచేదాన్ని. సూదిలో దారం తనే ఎక్కించుకునే మనిషి గడపకు భుజం కొట్టుకునేది, పక్కనున్న బిందెను కాలితో తన్నేది. వయసు మీద పడిందని అమ్మ అనేది. నా గెలుపు పోతుందని నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ ఎండాకాలం మా బడిలో కళ్ల క్యాంపు పెట్టారు. డాక్టరమ్మ నాయనమ్మ కళ్లలోకి చాలాసేపు లైటు వేసి చూసి, ఇంగ్లీషులో ఒక చీటీ రాసింది. వెనకాల వరుస పెద్దది. చీటీ అందించినతను, “ఇంట్ల సదువుకున్నోళ్లకు చూపియ్యి అవ్వా” అని చెప్పి తరువాతివాళ్లను పిలిచాడు.

మా ఇంట్లో చదువుకున్నది నేనే.

అందరూ చుట్టూ చేరారు. “ఏం రాసిన్రు బిడ్డా?” అని నాయిన అడిగాడు. గొలుసుకట్టు రాతలో నాకు తెలిసింది ఒకటే మాట, కన్ను. మిగతాది తెలియదనడానికి నోరు రాలేదు.

“కళ్లద్దాలు పెట్టుకోమన్నరు” అన్నాను.

నాయిన ముఖం వెలిగిపోయింది. “సూసినవా అమ్మా, నా బిడ్డ ఇంగ్లీషు ఎట్ల సదివిందో!” అన్నాడు. ఆ వారమే టౌనుకు తీసుకెళ్లి అద్దాలు కొనిచ్చాడు. దగ్గరి చూపు ఇంకా తేటపడింది. ఇంటిల్లిపాదికీ ఫికర్ తీరింది.

రెండేళ్ల తరువాత ఎల్లమాసనాడు, చేనుగట్టున నిలిపిన బండి నొగకు తగులుకుని నాయనమ్మ పడిపోయింది. నుదురు చిట్లింది. కట్టు కట్టిన డాక్టరు కళ్లు చూసి హైదరాబాద్‌కు పంపించాడు. నాయినతో నేనూ వెంట వెళ్లాను. అక్కడ ఆమె సంచిలోంచి మడతపెట్టిన చీటీ తీసి ఇచ్చింది.

“ఇది రెండేళ్ల కిందటిది. అప్పుడే ఎందుకు రాలేదమ్మా?” అన్నాడు పెద్ద డాక్టరు.

“అద్దాలు పెట్టుకోమన్నరంటే పెట్టుకున్న సారూ.”

ఆయన చీటీని తెలుగులో చదివి వినిపించాడు. కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉంది, నీటికాసులనే కంటిజబ్బు అనుమానం, నెలలోపు పెద్ద ఆసుపత్రిలో చూపించాలి. ఈ జబ్బులో చూపు ముందు పక్కల నుంచి పోతుందని, పోయింది తిరిగి రాదని, మిగిలినదాన్ని చుక్కలమందుతో కాపాడుకోవాలని చెప్పాడు. నాయిన నావైపు చూశాడు. నాయనమ్మ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

“పోరినేమనకు. గంత ఇంగ్లీషు దానికెట్ల సమజైతది?”

తప్పుగా చదివానని అందరూ అనుకున్నారు. అసలు చదవనే లేదని నేను చెప్పలేదు.

చుక్కలమందుకూ, ఒత్తిడి చూపించుకోవడానికీ ప్రతిసారి హైదరాబాదే పోవాలి. అల్లం తవ్వకాలొస్తే ఒక నెల తప్పేది, చెరకు కోతలొస్తే ఇంకో నెల. కన్ను నొప్పి పెట్టేది కాదు కనుక తొందర తెలిసేది కాదు. నేను పదో తరగతికి వచ్చేసరికి, “బిడ్డా, పొద్దుగూకిందా?” అని పట్టపగలు అడగడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నా కళ్లలోనూ ఒత్తిడి ఉంది. రక్తసంబంధీకులకు రావచ్చని తెలిసి ముందే చూపించుకున్నాను కాబట్టి చూపు నిలిచింది. మూడు నెలలకోసారి జహీరాబాద్ డాక్టరు ఒత్తిడి కొలుస్తాడు, ఏడాదికోసారి హైదరాబాద్‌లో కంటినరం పరీక్ష చేస్తారు, ఇద్దరూ ఒకే పుస్తకంలో రాస్తారు. నేను వెళ్లకపోతే జహీరాబాద్ ఆసుపత్రి సిస్టరు ఫోన్ చేస్తుంది.

పోయిన నెల ఆ సిస్టరు నా ముందున్న ముసలామెకు హైదరాబాద్ వెళ్లే కాగితం తెలుగులో చదివి, “ఏడికి పోవాలె, ఎప్పుడు పోవాలె? నువ్వే చెప్పు అవ్వా” అని మూడుసార్లు అడిగి చెప్పించింది. తరువాత నావైపు తిరిగి, “మీ ఇంట్ల ఎవరికన్న ఉండెనా అక్కా?” అంది. మా నాయనమ్మకు ఉండేదన్నాను. అక్కడితో ఆగలేకపోయాను. అన్నీ చెప్పాను, చదవకుండానే చదివినట్టు నటించిన సంగతితో సహా. ఆమె పెన్ను పక్కన పెట్టి విన్నది.

మా చేను ఇప్పుడు ప్లాట్లయింది. ఎల్లమాసకు వెళ్లడానికి మాకు గట్టు లేదు. నాయనమ్మ పోయింది, నాయినా పోయాడు. ఆ నిజం వినాల్సింది వాళ్లిద్దరే. నేను చెప్పుకున్నది పేరైనా తెలియని సిస్టరుతో.