నలభై రోజుల తెలుగు ఉపవాసం

నా ప్రాణ స్నేహితురాలిని నడి అడవిలో వదిలేసి, ఆమె సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని బస్సులో దర్జాగా వెళ్లిపోయిన కథ ఇది. ఇందులో నన్ను నేను సమర్థించుకునే చోటు ఒక్కటీ లేదు, వెతక్కండి.

సెల్‌ఫోన్లు ఇంకా మా చేతికి రాని రోజులు. నేనూ గ్రేసూ భద్రాచలంలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుంటున్నాం. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇద్దరు రిసెప్షనిస్టులు కావాలట. ఆ రెండు ఉద్యోగాలూ మావేనని మేమే తీర్మానించేసుకున్నాం. గ్రేసుకైతే ఇది రాకపోతే మళ్లీ మిర్చి కోతలే గతి.

వాళ్లింట్లో ఈస్టరుకు ముందు నలభై రోజులు మాంసం మానేస్తారు. "ఈసారి మనం తెలుగు మానేద్దామే" అంది గ్రేసు. సరేనన్నాను. పైగా మా మాస్టారి ఆజ్ఞ ఒకటి: "వాక్యం మొత్తం తయారైనంకనే నోరు తెరవాలె!" మా అమ్మ పది రోజులకే విసిగిపోయి నాతో సైగలు మొదలుపెట్టింది.

ముప్పై అయిదో రోజు ఇంటర్వ్యూ. ఖమ్మం బస్సెక్కాం. అడవి దారిలో డ్రైవరు టీకి ఆపాడు. గ్రేసు తన సర్టిఫికెట్ల సంచీ నాకిచ్చి తునికి పళ్లు కొనడానికి దిగింది. ఇంతలో బస్సు కదిలింది.

"ఆపండి" అంటే చాలు కదా అంటారు మీరు. అది తెలుగు! నేను కళ్లు మూసుకుని ఇంగ్లీషు వాక్యం కట్టడం మొదలుపెట్టాను. కట్టాను, కూల్చాను, మళ్లీ కట్టాను. చివరికి లేచి నిలబడ్డాను.

"ఎక్స్‌క్యూజ్ మీ సర్, మై ఫ్రెండ్ ఈజ్ నాట్ ఇన్ ద బస్!"

కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా? ఏమైంది?"

పక్క సీటులోని అవ్వ నిద్రలోంచి ఉలిక్కిపడింది. "అయ్యో, నీతోని వచ్చిన పిల్లేది బిడ్డా? బస్సాపుండ్రి!"

"పది కిలోమీటర్లు దాటినంక చెప్తరా?" కండక్టరు తల పట్టుకున్నాడు. "ఎనక లారీలొస్తయ్, ఎక్కొస్తది తీ."

ఆసుపత్రిలో నా వంతు వచ్చేసరికి ఏడుపొక్కటే తక్కువ. డాక్టరమ్మ అడిగింది: "ఊరి నుంచి ఒక ముసలాయన కడుపునొప్పని వచ్చిండు. ఎట్ల పలకరిస్తవ్?"

"గుడ్ మార్నింగ్ సర్, హౌ మే ఐ హెల్ప్ యూ?"

"ఆయన భయపడి ఇంటికి పోయిండు తల్లీ" అంది డాక్టరమ్మ.

అప్పుడే ఒళ్లంతా దుమ్ముతో గ్రేసు దిగింది. కట్టెల లారీలో రెండు గంటలు నన్ను తిట్టుకుంటూ వచ్చిందట, మొత్తం తెలుగులోనే. నోరు మంచి ఊపు మీదుంది. అదే ప్రశ్న అడిగారు.

"ఏంది పెద్దయ్యా, ఎక్కడ నొస్తుంది? జర కూసో, డాక్టరమ్మను జల్దీ పిలుస్త" అంది.

మా ఇద్దరిలో ఉద్యోగం గ్రేసుకే వచ్చింది. నాకు మాత్రం బయటికొచ్చాక వరండాలో పావుగంట పాటు తిట్లు వచ్చాయి. అన్నీ నాకు తగినవే.

అక్కడే చేతులు జోడించి ప్రమాణం చేశాను: ఇకపై ఎన్ని భాషలు నేర్చినా సరే, మనిషి వెనకబడిపోతే మాత్రం అమ్మ నేర్పిన భాషలోనే గొంతు చించుకుంటాను. ఆ మాట కాగితం మీద కూడా రాసిచ్చాను. కింద సాక్షిగా గ్రేసు సంతకం పెట్టింది, ఇంగ్లీషులో.